పాత న్యూ సౌత్ వేల్స్ ఎన్నికల ఫలితాలను నియోజకవర్గాల వారీగా చదవడం, లెక్కగట్టడం ఎలా?

నలుగురు సభ్యులున్న నియోజకవర్గంలో అందరికన్నా ముందున్న అభ్యర్థికి 20 శాతం ఓట్లే కనిపిస్తున్నాయి, అంత తక్కువతో ఎలా గెలిచాడు? సిడ్నీ రాజధానిగా ఉన్న ఆస్ట్రేలియా రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్ 19వ శతాబ్దపు ఎన్నికల పట్టికలు చూసినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. సిడ్నీలో స్థిరపడిన మనవాళ్ళ పిల్లలు స్కూలు ప్రాజెక్టు కోసం తాము ఉంటున్న పారమట్టా చరిత్ర వెతికినా, చరిత్ర విద్యార్థులు ఆ కాలపు ప్రీమియర్ (ప్రభుత్వాధినేత) హెన్రీ పార్క్స్ గురించి చదివినా చివరికి ఇక్కడే ఆగిపోతున్నారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా జవాబు రాసే బదులు, మొత్తం పద్ధతి ఒకచోట రాస్తున్నాను.

ఉదాహరణకు 1882 ఎన్నికను తీసుకుందాం. శాసనసభ మొదటిసారి కొలువుదీరిన 1856 నుంచి 1891 దాకా జరిగిన ఏ ఎన్నికకైనా దాదాపు ఇదే పద్ధతి పనికొస్తుంది. 1894లో నియమాలు చాలా మారాయి, వాటి సంగతి చివరలో చెబుతాను.

కావలసినవి

ఇంటర్నెట్, ఒక స్ప్రెడ్‌షీట్, కాస్త ఓపిక. డబ్బు కట్టాల్సినవేమీ లేవు. చూడవలసిన చోట్లు మూడు:

న్యూ సౌత్ వేల్స్ పార్లమెంటు వెబ్‌సైటులో 1856 నుంచి జరిగిన ఎన్నికల ఫలితాలు నియోజకవర్గాల వారీగా ఉన్నాయి. ఎన్నికల విశ్లేషకుడు ఆంటొనీ గ్రీన్ కూర్చిన పట్టికలవి. మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం నడిపే ట్రోవ్‌లో ఆనాటి పత్రికల స్కాన్‌లు ఉన్నాయి. సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్, ఈవెనింగ్ న్యూస్, మైట్‌ల్యాండ్ మెర్క్యురీ లాంటివి ఉచితంగా చదవొచ్చు.

ప్రభుత్వ గెజెట్ కూడా ట్రోవ్‌లోనే దొరుకుతుంది. గెలిచినవారి పేర్లకు అదే అధికారిక ఆధారం. ఓట్ల వివరాలకు మాత్రం పత్రికలను ఆశ్రయించాల్సిందే.

మొదటి మెట్టు: ఓట్ల కన్నా ముందు సీట్లు రాసుకోండి

నియోజకవర్గం పేరు పక్కన మొట్టమొదట రాయాల్సింది అక్కడినుంచి ఎంతమంది సభ్యులు ఎన్నికవుతారన్నది. ఈ ఒక్క అంకె లేకపోతే తర్వాత వేసే ఏ లెక్కకూ అర్థం ఉండదు. ఈస్ట్ సిడ్నీకి నలుగురు. చాలా పల్లె నియోజకవర్గాలకు ఒక్కరే. రెండు, మూడు సీట్లవీ ఉన్నాయి.

జాగ్రత్త: ఒక ఎన్నికలో చూసిన సీట్ల సంఖ్యను ఇంకో ఎన్నికకు వాడకండి. 1880 చట్టం ప్రకారం ఓటర్ల జాబితా పెరిగిన నియోజకవర్గానికి సీట్లు వాటంతట అవే పెరిగేవి. సభలో 1880లో 108 మంది, 1882లో 113, 1885లో 122, 1887లో 124, 1889లో 137, 1891లో 141 మంది ఉన్నారు. అందుకే మీ స్ప్రెడ్‌షీట్‌లో సీట్ల వరుస మొత్తం కూడితే ఆ ఏటి అంకె కచ్చితంగా రావాలి. 1882కు 113 రాకపోతే ఎక్కడో ఒక నియోజకవర్గానికి పాత అంకె వేశారన్నమాట. ముందుకు వెళ్ళకుండా అక్కడే ఆగి సరిచేసుకోండి.

రెండో మెట్టు: పోలింగు తేదీ నియోజకవర్గానికి ఒకటి

ఆ రోజుల్లో వలస (న్యూ సౌత్ వేల్స్ అప్పట్లో బ్రిటిష్ వలస రాజ్యం) అంతటా ఒకే రోజు పోలింగు జరిగేది కాదు. 1882 ఎన్నిక నవంబరు చివర మొదలై డిసెంబరు మూడో వారం దాకా సాగింది. కాబట్టి ప్రతి నియోజకవర్గానికీ తేదీ గడి విడిగా పెట్టుకోండి.

ఈ తేదీలే కథ చెబుతాయి. 1882లో ప్రీమియర్‌గా ఉన్న సర్ హెన్రీ పార్క్స్ ఈస్ట్ సిడ్నీలో ఓడిపోయారు. అదే ఎన్నికలో ఉత్తరాన క్వీన్స్‌లాండ్ సరిహద్దు దగ్గరున్న టెంటర్‌ఫీల్డ్ నుంచి గెలిచి సభకు వచ్చారు. ఒకే రోజు పోలింగు అయితే ఓడాక ఇలా ఇంకోచోట నిలబడడం జరిగే పని కాదు. ఒకచోట ఓడినవారికి ఇంకోచోట నామినేషన్ వేసే వ్యవధి ఉండేది. అందుకే ఒకే పేరు రెండు నియోజకవర్గాల్లో కనిపిస్తే తప్పు పడిందని కొట్టేయకండి. ముందు తేదీలు చూడండి.

మూడో మెట్టు: ఏకగ్రీవాలను వేరుచేయండి

పోటీ లేని నియోజకవర్గాలు చాలానే ఉంటాయి. వాటికి ఓట్లే ఉండవు. అక్కడ సున్నా వేయకండి, గడిని ఖాళీగా వదిలి పక్కన ‘ఏకగ్రీవం’ అని రాయండి. సున్నా వేస్తే స్ప్రెడ్‌షీట్ దాన్నీ సగటులోకి లాక్కుంటుంది, వలస మొత్తం పోలింగు శాతం పడిపోతుంది.

ఇక్కడే ఇంకో విషయం. నామినేషన్ రోజున బహిరంగ సభ పెట్టి, వచ్చినవాళ్ళ చేత చేతులు ఎత్తించేవారు. ఎవరికి ఎక్కువ చేతులు లేచాయో రిటర్నింగ్ అధికారి ప్రకటించేవాడు. దాన్ని ఒప్పుకోనివాళ్ళు పోలింగు కోరేవారు. పత్రికలో ‘చేతులు ఫలానా వ్యక్తికి అనుకూలం’ అని ఉంటే అది ఫలితం కాదు. ఓటే లేని వాళ్ళు కూడా గుంపులో చెయ్యి ఎత్తేవారు. అక్కడ గెలిచి పోలింగులో ఓడినవాళ్ళు ఉన్నారు.

నాలుగో మెట్టు: శాతాలు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే నిదానంగా చెబుతాను.

నాలుగు సీట్లున్న చోట ఒక్కో ఓటరుకు నాలుగు ఓట్లు. నాలుగూ ఒక్కడికే కుమ్మరించడానికి వీల్లేదు, ఒక అభ్యర్థికి ఒకటే. అన్నీ వాడాలన్న నిర్బంధమూ లేదు. తన మనిషి ఒక్కడికే వేసి మిగతా మూడూ వదిలేసేవాళ్ళుండేవారు. దీన్ని పత్రికలు ప్లంపింగ్ అనేవి. బ్యాలెట్ మీద గుర్తు పెట్టడం కూడా మనకు అలవాటైన తీరులో ఉండేది కాదు. అక్కర్లేని పేర్లను గీత పెట్టి కొట్టేయాలి. కొట్టేయకుండా మిగిలినవాళ్ళకు ఓటు పడినట్టు. సీట్ల కన్నా ఎక్కువ పేర్లు మిగిలితే ఆ కాగితం చెల్లదు.

ఇప్పుడు ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే, ఏ నిజమైన నియోజకవర్గానివీ కావు.

సీట్లు 4. జాబితాలో ఓటర్లు 6,000. ఓటు వేయడానికి వచ్చినవారు 3,300.
క: 2,400
చ: 2,250
ట: 2,100
త: 1,950
ప: 1,800
మ: 1,500
మొత్తం ఓట్లు: 12,000

మొదటి ప్రశ్న: ‘క’కు ఎంత శాతం? మొత్తం ఓట్లతో భాగిస్తే 20 శాతం. వచ్చిన ఓటర్లతో భాగిస్తే దాదాపు 73 శాతం. రెండూ సరైనవే, రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. పార్లమెంటు సైటు లాంటి పట్టికల్లో సాధారణంగా కనిపించేది మొదటిది. ‘ప్రతి పదిమందిలో ఏడుగురికి పైగా అతన్ని కోరుకున్నారు’ అని చెప్పేది రెండోది. మీరు రాసేది ఏదో వరుస పైన స్పష్టంగా రాయండి: ‘మొత్తం ఓట్లలో శాతం’ లేదా ‘వచ్చిన ఓటర్లలో శాతం’. ఉత్త ‘శాతం’ అని మాత్రం వదిలేయకండి.

రెండో ప్రశ్న: పోలింగు శాతం ఎంత? 3,300ను 6,000తో భాగించాలి, 55 శాతం. 12,000ను 6,000తో భాగిస్తే 200 శాతం వస్తుంది. అది చూసి ‘దొంగ ఓట్లు’ అని రాసినవాళ్ళను చూశాను. దొంగ ఓట్లు కావవి, ఒక్కొక్కరికి నాలుగు ఓట్లు.

మూడో ప్రశ్న: మెజారిటీ? ‘క’కూ ‘చ’కూ మధ్య తేడా కాదు. వాళ్ళిద్దరూ గెలిచినవాళ్ళే. చూడాల్సింది నాలుగో స్థానానికీ ఐదో స్థానానికీ మధ్య తేడా. ‘త’ 1,950, ‘ప’ 1,800, అంటే 150. పోటీ ఎంత గట్టిగా జరిగిందో చెప్పేది ఆ 150 మాత్రమే.

ఎంతమంది వచ్చారో పత్రికలో లేకపోతే? చాలాసార్లు ఉండదు. అప్పుడు మొత్తం ఓట్లను సీట్లతో భాగించండి. 12,000ను 4తో భాగిస్తే 3,000. ఇది కనీస సంఖ్య, అసలు సంఖ్య దీనికి సమానంగానో ఎక్కువగానో ఉంటుంది. ప్లంపింగ్ ఎంత ఎక్కువ జరిగితే తేడా అంత పెరుగుతుంది. కాబట్టి పోలింగు శాతం గడిలో ‘కనీసం 50’ అని రాయండి. ‘50’ అని రాసేస్తే అబద్ధం అవుతుంది.

మన దగ్గరా ఇలాంటి లెక్క ఉండేదని పెద్దవాళ్ళకు గుర్తుండొచ్చు. 1952, 1957 సార్వత్రిక ఎన్నికల్లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి, ఓటరుకు రెండు ఓట్లు. 1957లో అలాంటి పార్వతీపురం లోక్‌సభ స్థానంలో వి.వి. గిరి ఓడిపోయారు. రెండింట్లో ఒక సీటు గిరిజనులకు కేటాయించినదైనా, గిరిజన అభ్యర్థులిద్దరూ ఎన్నికైనట్టు ప్రకటించారు. గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు, 1959లో తీర్పు ఆయనకు వ్యతిరేకంగా వచ్చింది. ఆ పట్టికలు చదివేటప్పుడూ పైన చెప్పిన మూడు ప్రశ్నలే వేసుకోవాలి.

ఐదో మెట్టు: పత్రికలో అసలు అంకె పట్టుకోండి

ట్రోవ్‌లో వెతుకుడు గడిలో నియోజకవర్గం పేరును ఇంగ్లీషులో, కొటేషన్ గుర్తుల మధ్య టైపు చేయండి. తేదీ పరిమితి పెట్టండి. 1882కైతే నవంబరు మధ్య నుంచి మరుసటి జనవరి మధ్య దాకా చాలు.

మీకు రెండు రకాల వార్తలు దొరుకుతాయి. పోలింగు మర్నాడు వచ్చేది ‘స్టేట్ ఆఫ్ ద పోల్’. అప్పటిదాకా టెలిగ్రాఫ్‌లో అందిన కేంద్రాల లెక్క మాత్రమే అందులో ఉంటుంది. కొన్ని రోజుల తర్వాత వచ్చేది ‘డిక్లరేషన్ ఆఫ్ ద పోల్’. రిటర్నింగ్ అధికారి జనం ముందు చదివిన తుది లెక్క అది. మీకు కావలసింది రెండోది.

మొదట్లో నేనూ ఈ పొరపాటు చేశాను. ఒక విశాలమైన పశ్చిమ నియోజకవర్గానికి మర్నాటి పత్రికలో ఉన్న అంకెలు తుదివనుకుని ఎక్కించాను. వారం తర్వాతి పత్రికలో చూస్తే మారుమూల కేంద్రాల పెట్టెలు అప్పుడే చేరాయి, మెజారిటీ పూర్తిగా మారిపోయింది. అప్పటినుంచి ప్రతి అంకె పక్కనా పత్రిక పేరూ తేదీ రాసుకుంటున్నాను. సిడ్నీ నగర నియోజకవర్గాలకు ఒక రోజు చాలు. ఎడారి దాకా పాకిన బోర్క్, బోగన్ లాంటివాటికి మాత్రం రెండు వారాలు ముందుకు వెళ్ళి వెతకండి.

స్కాన్ మసకగా ఉంటే? స్కాన్ పక్కన కనిపించే టైపు చేసిన పాఠాన్ని నమ్మకండి. అది యంత్రం చదివింది. 3ను 8గా, 5ను 6గా, 1ను 4గా చదివేస్తుంది. బొమ్మను పెద్దది చేసి కంటితో చూడండి. అప్పటికీ తేలకపోతే అదే రోజు ఇంకో పత్రిక తెరవండి. స్థానిక పత్రిక దొరికితే మరీ మంచిది, పోలింగు కేంద్రాల వారీగా అంకెలు వేస్తుంది. కేంద్రాలన్నీ కూడితే మొత్తం సరిపోవాలి, సరిపోకపోతే ఏ గడిలో తేడా ఉందో అక్కడే దొరికిపోతుంది. తప్పు చదివిన పాఠాన్ని ట్రోవ్‌లో పాఠకులే సరిదిద్దవచ్చు. మీరు తేల్చుకున్న అంకెను అక్కడ సరిచేసి రండి, తర్వాత వచ్చేవాళ్ళకు మీరు పడ్డ కష్టం తప్పుతుంది.

ఆరో మెట్టు: పార్టీ గడి

1882 వరుసలో పార్టీ పేర్లు వేయకండి. అప్పటికి పార్టీలు లేవు. ‘మంత్రివర్గానికి అనుకూలం’, ‘ప్రతికూలం’ అన్న మాటలు పత్రికల్లో ఉంటాయి, అవీ ఒక్కో పత్రికలో ఒక్కోలా. స్వేచ్ఛా వాణిజ్యం, రక్షణ సుంకాలు (స్థానిక పరిశ్రమల కోసం దిగుమతులపై పన్ను) అన్న రెండు పక్షాలు ఎన్నికల్లో నిలబడింది 1887 నుంచి. కార్మిక పక్షం 1891లో వచ్చి, వచ్చీ రాగానే 35 సీట్లు గెలిచింది. తర్వాతి కాలపు పార్టీ పేరును వెనక్కి తీసుకెళ్ళి అంటించడం చాలా చోట్ల చూస్తున్నాను. ఎడ్మండ్ బార్టన్, జార్జ్ రీడ్ ఇద్దరూ 1882లో ఈస్ట్ సిడ్నీ నుంచే సభకు వెళ్ళారు. తర్వాత బార్టన్ రక్షణవాదుల వైపు, రీడ్ స్వేచ్ఛా వాణిజ్యం వైపు నాయకులయ్యారు, ఇద్దరూ ఆస్ట్రేలియా ప్రధానులూ అయ్యారు. 1882 పట్టికలో వాళ్ళను ప్రత్యర్థి పార్టీలుగా చూపితే చరిత్రే తప్పవుతుంది.

ఏడో మెట్టు: ఉప ఎన్నికలను కలపకండి

ఆ రోజుల్లో మంత్రి పదవి తీసుకున్న సభ్యుడు సీటు వదిలి మళ్ళీ ఓటర్ల ముందుకు వెళ్ళాలి. 1883 జనవరిలో అలెగ్జాండర్ స్టూవర్ట్ ప్రభుత్వం ఏర్పడగానే వెంటనే ఇలాంటి ఉప ఎన్నికలు వచ్చాయి. సాధారణ ఎన్నిక ముగిసి నెలైనా కాకముందే అదే నియోజకవర్గం, అదే పేరు, వేరే అంకెలు కనిపిస్తాయి. రెంటినీ ఒకే వరుసలో కలిపేయడం చాలా తేలిక. రీడ్ కూడా మంత్రి అయ్యాక, 1884లో ఒక సాంకేతిక కారణంతో సీటు ఖాళీ అయినట్టు ప్రకటించడంతో మళ్ళీ ఈస్ట్ సిడ్నీలో నిలబడి ఓడిపోయారు. ఆ ఓటమిని 1882 ఫలితంగా రాయకూడదు కదా. ఉప ఎన్నికలకు వేరే షీటు పెట్టండి.

పేర్లతో వచ్చే తికమక

బార్టన్ అంతకుముందు గెలిచిన వెల్లింగ్టన్ న్యూ సౌత్ వేల్స్‌లోని ఊరు, న్యూజిలాండ్ రాజధాని కాదు. న్యూకాజిల్ కూడా ఇంగ్లాండుది కాదు. పారమట్టా పేరు 1856 నుంచి ఉంది కానీ హద్దులు మారుతూ వచ్చాయి. ఇప్పటి పారమట్టా మ్యాపు తీసుకుని అప్పటి ఓట్లను దాని మీద పరచకండి. ఒకే ఇంటిపేరుతో ఇద్దరు అభ్యర్థులుంటే పూర్తి పేరు రాయండి, పత్రికలు ‘మిస్టర్’ అని ఇంటిపేరు మాత్రమే వేస్తాయి.

ఓటర్ల జాబితా విషయంలోనూ ఒక మాట. 1858 చట్టంతో వయోజన పురుషులకు ఓటు వచ్చింది, ఆడవాళ్ళకు రాష్ట్ర ఎన్నికల్లో ఓటు వచ్చింది 1902లో. కాబట్టి జనాభాతో పోల్చి శాతం కట్టకండి, జాబితాతోనే పోల్చండి. అలాగని వలసలోని జాబితాలన్నీ కూడి ‘ఇంతమంది ఓటర్లు’ అనకండి. వేర్వేరు నియోజకవర్గాల్లో ఆస్తి ఉన్న మనిషి ప్రతిచోటా ఓటు వేయగలిగేవాడు, అతని పేరు ఒకటి కన్నా ఎక్కువ జాబితాల్లో ఉండేది. పోలింగు తేదీలు వేరు కావడంతో నిజంగానే తిరిగి వేసి రావచ్చు కూడా.

1894 అయితే

1893 చట్టంతో ఆస్తి ఉన్న ప్రతిచోటా ఓటు వేసే బహుళ ఓటు పోయింది, అన్నీ ఒక్క సభ్యుడి నియోజకవర్గాలయ్యాయి, పోలింగు ఒకే రోజుకు వచ్చింది. 1894 జులై 17న 125 సీట్లకు జరిగిన ఎన్నికలో ఓట్ల మొత్తం, చెల్లే ఓటు వేసిన ఓటర్ల మొత్తం ఒకటే, నాలుగో మెట్టు అక్కర్లేదు. ఈస్ట్ సిడ్నీ పేరు కనబడదు, సిడ్నీ-కింగ్ లాంటి కొత్త పేర్లుంటాయి. రీడ్ సిడ్నీ-కింగ్ నుంచే గెలిచారు. 1891కీ 1894కీ మధ్య నియోజకవర్గం వారీగా ‘ఓటు శాతం పెరిగింది, తగ్గింది’ అని పోల్చే పని పెట్టుకోకండి. రెండూ ఒకే కొలతలు కావు.

చివరిసారి సరిచూసుకోవడం

షీటు పూర్తయ్యాక ఈ వరుసలో చూడండి:

సీట్ల మొత్తం ఆ ఏటి సభ సంఖ్యకు సమానమా?

గెలిచినవాళ్ళ సంఖ్య ప్రతి నియోజకవర్గంలో సీట్లకు సమానమా? పేర్లు గెజెట్‌తో కలిశాయా?

ఏ ఒక్క అభ్యర్థి ఓట్లయినా వచ్చిన ఓటర్ల సంఖ్యను దాటాయా? దాటితే అంకె తప్పు, ఎందుకంటే ఒకరికి ఒక మనిషి ఒకే ఓటు వేయగలడు.

మొత్తం ఓట్లు, వచ్చిన ఓటర్లను సీట్లతో గుణించిన అంకె కన్నా ఎక్కువగా ఉన్నాయా? పై ఉదాహరణలో హద్దు 13,200. దాటితే ఎక్కడో 3 కాస్తా 8 అయింది.

ఇద్దరికి సమానంగా ఓట్లు వచ్చి ఒకరే గెలిచినట్టు ఉందా? రిటర్నింగ్ అధికారి నిర్ణాయక ఓటు వేసి ఉండొచ్చు. డిక్లరేషన్ వార్తలో వెతకండి.

పత్రికలో గెలిచినవాడు సభ్యుల జాబితాలో లేడా? సభలోని ఎన్నికలు, అర్హతల కమిటీ కొన్ని ఫలితాలను తిరగరాసేది. ఆ తర్వాతి నెలల వార్తల్లో చూడండి.

ఇవన్నీ చేశాక కూడా రెండు పత్రికలు రెండు అంకెలు చెబుతుంటే, సగటు తీయకండి, నచ్చినది ఎంచుకోకండి. తర్వాతి తేదీ ఉన్న డిక్లరేషన్ అంకెను గడిలో వేసి, రెండోదాన్ని పత్రిక పేరు, తేదీతో సహా పక్క గడిలో రాసిపెట్టండి.